లేపాక్షికి దారిలో ఆగితే ఎంతసేపు పడుతుంది?

ప్రశ్న: వేసవి సెలవుల్లో కర్నూలు నుంచి బెంగళూరుకు కారులో వెళ్తున్నాం. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు ఉంటారు. దారిలో లేపాక్షి బసవన్నను, వేలాడే స్తంభాన్ని చూడాలని ఉంది. ఎక్కడ తిరగాలి? ఎంత సమయం కేటాయించాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: తప్పకుండా ఆగండి. రెండున్నర గంటలు పెట్టుకోండి, అరగంటలో చుట్టేసే చోటు కాదది. 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ, సోమందేపల్లి దాటాక కొడికొండ చెక్‌పోస్టు వస్తుంది. అక్కడ కుడివైపు హిందూపురం రోడ్డు పట్టుకుంటే సుమారు పదిహేను కిలోమీటర్లు. మలుపు దాటిపోతే ఎదురుదారిలో వెనక్కి రావద్దు, ముందున్న యూటర్న్ దాకా వెళ్లండి.

ఊళ్లోకి వస్తుంటే ముందు బసవన్నే కనిపిస్తాడు. పిల్లలు దిగుతామంటారు. అయినా ముందు వీరభద్రస్వామి ఆలయానికే వెళ్లండి. లోపల చెప్పులుండవు, పదకొండు దాటితే ఆవరణలో బండలు కాలిపోతాయి. అందుకే ఇంటి దగ్గర తెల్లవారుజామున 5కే బయలుదేరండి. అందరికీ మందపాటి మేజోళ్లు పెట్టుకోండి. ఆలయం కూర్మశైలమనే చిన్న గుట్ట మీద ఉంది. అత్తగారిని ప్రవేశద్వారం దగ్గరే దింపి, మెట్ల దగ్గర చెయ్యందించండి.

వేలాడే స్తంభం అడుగు నేలకు పూర్తిగా ఆనదు. ఆ సందులో దూర్చి చూడటానికి పల్చటి నూలు తువ్వాలు తీసుకెళ్లండి. ఇద్దరు చెరో కొస పట్టుకుని మెల్లగా జరపాలి. ఎక్కడైనా అంచు తగిలి ఆగితే గుంజకండి, స్తంభాన్ని నెట్టనివ్వకండి. చాలామంది ఇది చూసి తిరిగొచ్చేస్తారు. అదే మండపంలో తలెత్తి చూస్తే పైకప్పంతా 16వ శతాబ్దపు వర్ణచిత్రాలు: పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం. వాటి మీద ఫ్లాష్ వేయకండి, రంగులు ఇప్పటికే చాలాచోట్ల వెలిశాయి. ఏడు పడగల నాగలింగాన్ని కూడా వదలకండి. బసవన్న చూపు అటువైపే ఉంటుంది.

తర్వాత తీరిగ్గా బసవన్న. ఒకే రాయి, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. ఎదురుగా నిలబడి ఫోటో తీస్తే ముఖమే పడుతుంది, ఒళ్లంతా దాగిపోతుంది. పక్కకు జరిగి, ఓరగా పది పదిహేను అడుగులు వెనక్కి నడిచి తీయండి. పిల్లల్ని మీదికి ఎక్కనివ్వకుండా మెడలోని గంటల పట్టీ దగ్గరికి తీసుకెళ్లి చూపించండి. ఒక్కో గంటనూ శిల్పి విడివిడిగా ఎలా తొలిచాడో వాళ్లకే తెలుస్తుంది.