రబ్బరు దిగుమతి: శాతం సంగతి తర్వాత, ముందు సంచి విప్పి చూడండి

"రబ్బరు సామాను వేరే దేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ డ్యూటీ ఎంత శాతం పడుతుంది? ఇంకా ఏయే రూల్స్ పాటించాలి?" అని అడిగారు. శాతం నేను చెప్పను. చెప్పలేక కాదు, మీ ప్రశ్నలో సామాను లేదు కాబట్టి. "బండి రిపేరుకి ఎంతవుతుంది?" అని అడిగితే మెకానిక్ ఏం చెబుతాడు? ఏ బండి, ఏం పాడైంది అంటాడు. కస్టమ్స్‌లో రబ్బరు కూడా అంతే. పైగా మనం రబ్బరు అనుకునేదంతా వాళ్ళ లెక్కలో రబ్బరు కాదు. ఈ ముక్క నాకు పదకొండు రోజుల నిద్ర పోగొట్టుకున్నాక తెలిసింది.

అప్పట్లో నేను పంపులు రిపేరు చేసే ఒక చిన్న కంపెనీలో పర్చేజ్ చూసేదాన్ని. దిగుమతుల పనంతా చూసే పెద్దాయన రిటైరయ్యారు, ఆ ఫైళ్ళన్నీ నా టేబుల్ మీదకొచ్చి పడ్డాయి. వెళ్తూ వెళ్తూ ఆయన చెప్పింది ఒక్కటే: "పాత ఇన్వాయిస్ చూసి కొత్తది కొట్టెయ్యమ్మా, ఏం కాదు." నేనూ అదే చేశాను. వచ్చింది రెండు ప్యాలెట్ల సరుకు. ఒకదాంట్లో పంపు రిపేరు కిట్లు, చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో. రెండో దాంట్లో ఆయిల్ సీల్స్, అంటే నూనె కారకుండా వేసే రింగులు. సప్లయర్ ఇన్వాయిస్ మీద రెండింటికీ కలిపి ఒకే మాట, "రబ్బర్ పార్ట్స్". పక్కన ఒకే కోడ్, 4016.99. అంటే రబ్బరు వస్తువుల్లో ఎందులోనూ ఇమడనివన్నీ పడేసే గంప అన్నమాట. పాత ఫైల్లో కూడా అదే ఉంది కాబట్టి నాకు అనుమానం రాలేదు.

మా క్లియరెన్స్ ఏజెంట్ దగ్గర్నుంచి ఫోన్. "మేడమ్, సరుకు విప్పి చూడాలంటున్నారు. మీరొస్తే బాగుంటుంది." సరే కదా అని వెళ్ళాను. గోడౌన్‌లో ఒక బల్ల, దాని మీద మా సంచులు. ఎగ్జామినేషన్‌కి వచ్చిన ఆఫీసర్ నడివయసు మనిషి, కంగారేమీ లేదు. ఒక సంచి కత్తిరించి బల్ల మీద గుమ్మరించాడు. తొమ్మిది నల్లటి ఓ-రింగులు, అంటే గుండ్రటి రబ్బరు సీళ్ళు, దొర్లాయి. ఆఖర్న పల్చటి గోధుమ రంగు ముక్క ఒకటి జారింది.

"ఇదేంటమ్మా?"

"గ్యాస్కెట్ సార్. పంపు మూతకి వేస్తారు."

"రబ్బరేనా?"

పట్టుకుని చూశాను. కాగితం. నూనె పీల్చని గట్టి కాగితం, కానీ కాగితమే. ఆయన నవ్వలేదు, తిట్టనూ లేదు. రెండో ప్యాలెట్ దగ్గరికి వెళ్ళి ఒక ఆయిల్ సీల్ తీసి, జేబులోంచి తాళాల గుత్తి బయటకు లాగాడు. దానికి ఒక చిన్న అయస్కాంతం బిళ్ళ వేలాడుతోంది. సీల్‌కి ఆనించాడు. టక్కున అతుక్కుంది.

"రబ్బరుకి అయస్కాంతం అంటుకోవడం ఇదే చూడటం" అన్నాడు.

పైన రబ్బరు, లోపల ఉక్కు రింగు. నేను రోజూ చూసే వస్తువే. పనికొచ్చేది పైనున్న రబ్బరు కదా అని దాన్ని రబ్బరు సామాను కిందే లెక్కేసుకున్నాను తప్ప లోపల ఇనుము ఉందన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

ఆ సాయంత్రం ఏజెంట్ తన కంప్యూటర్‌లో చూపించాడు. బ్రసెల్స్‌లో ఉండే ప్రపంచ కస్టమ్స్ సంస్థ ఒక కోడ్ పుస్తకం నడుపుతుంది. 1988 జనవరి నుంచి అమల్లో ఉంది, కొన్నేళ్ళకోసారి సవరిస్తారు, ఇప్పుడు నడుస్తున్నది 2022 కూర్పు. అందులో మొదటి ఆరు అంకెలు దాన్ని పాటించే దేశాలన్నిటికీ ఒకటే. ఆపైన ఎవరి అంకెలు వాళ్ళవి. భారత్ ఎనిమిది దాకా వెళ్తుంది, అమెరికా పది దాకా. రబ్బరుది 40వ అధ్యాయం. ఓ-రింగులు విడిగా వస్తే 4016.93లో గ్యాస్కెట్లు, సీల్స్ అని వాటికంటూ ఒక చోటుంది. అంటే అందరూ కళ్ళు మూసుకుని రాసే ఆ 4016.99 వాటికి కూడా తప్పే. కానీ వేర్వేరు పదార్థాల గ్యాస్కెట్లను ఒకే సంచిలో కలిపి కట్టారనుకోండి, ఆ సెట్టు మొత్తం 84వ అధ్యాయానికి పోతుంది, 8484 కింద. ఆ పుస్తకానికి వివరణలున్నాయి. సంచిలో అన్నీ అట్ట గ్యాస్కెట్లే అయితే కాగితం అధ్యాయం, వాటితో ఒక్క రబ్బరుది కలిసిందా 8484 అని ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పారు. మాది సరిగ్గా దానికి తిరగేసిన కేసు. తొమ్మిది రబ్బరు రింగులు, ఒక్క కాగితం ముక్క. ఆ కాగితం ముక్క సంచి మొత్తాన్ని యంత్రాల అధ్యాయంలోకి లాక్కుపోయింది. లోపల ఉక్కు ఉన్న ఆయిల్ సీల్స్ 8487 అట. మొత్తానికి నేను "రబ్బర్ పార్ట్స్" అని డిక్లరేషన్ వేసిన రెండు ప్యాలెట్లలో రబ్బరు అధ్యాయంలో మిగిలింది ఏమీ లేదు.

అసలు మంట పుట్టించింది ఇంకోటుంది. సరైన కోడ్‌కి డ్యూటీ మేం వేసుకున్న దానికన్నా తక్కువ! కక్కుర్తి పడి తక్కువ కట్టబోయి దొరికిపోయామా అంటే అదీ కాదు. ఎక్కువ కడతామని రాసిచ్చి మరీ పట్టుబడ్డాం. డిక్లరేషన్ సవరించడానికి అర్జీ, సప్లయర్ నుంచి ఐటమ్ వారీగా కొత్త ఇన్వాయిస్, ప్రతి కిట్‌లో ఏముందో పట్టిక, సీల్ కోసి తీసిన ఫోటోలు. పదకొండు రోజులు. ఈలోగా గోడౌన్ అద్దె మీటరు తిరుగుతూనే ఉంది. తగ్గిన డ్యూటీ ఆ అద్దెలో ఒక మూలకి కూడా సరిపోలేదు.

మా ఓనరు అంతా విని ఒకటే అడిగారు. "అయితే ఇన్నేళ్ళూ ఎక్కువ కట్టామా?" కట్టాం. రిఫండ్ అడగడానికి గడువుంటుంది, పాత వాటిలో చాలావాటికి అది దాటిపోయింది. రిటైరైన పెద్దాయనకి ఈ సంగతి నేను ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే శాతం అడిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, మీరేమీ అనుకోకండి. వస్తువు ఏమిటో తేల్చకుండా శాతం చెప్పేవాళ్ళని చూస్తే ఇంకా మంట. "రబ్బరుకి ఇంత" అని వీడియోలు పెట్టేవాళ్ళున్నారు. ఏ రబ్బరుకి? రబ్బరు చెప్పులు 64వ అధ్యాయంలో చెప్పుల కింద పోతాయి. రబ్బరు బొమ్మలు 95లో ఆటవస్తువుల కింద. రబ్బరు పరుపు 94లో. పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరు మాత్రం బుద్ధిగా 40లోనే ఉంటుంది. రబ్బరు పూసిన బట్ట చదరపు మీటరుకి 1,500 గ్రాములు దాటకపోతే అది బట్టే, 59వ అధ్యాయం. దాటిందంటే బరువులో సగం కన్నా ఎక్కువ బట్ట ఉందా లేదా అని తూకం వేస్తారు. సింథటిక్ రబ్బరు అని ఒప్పించాలంటే దానికొక సాగదీత పరీక్ష రాసి పెట్టారు. గంధకంతో వల్కనైజ్ చేశాక, అంటే గంధకం కలిపి గట్టిపరిచాక, 18 నుంచి 29 డిగ్రీల మధ్య మూడింతలకి సాగదీసినా తెగకూడదు, రెండింతలకి సాగదీసి వదిలితే ఐదు నిమిషాల్లో ఒకటిన్నర రెట్లకో అంతకన్నా తక్కువకో ముడుచుకోవాలి. ఇది మొదటిసారి చదివినప్పుడు ఎవరో నాతో పరాచికాలాడుతున్నారనుకున్నాను. చూడటానికి రబ్బరులా మెత్తగా, సాగుతూ ఉండే ప్లాస్టిక్ రకాలు చాలావరకు ఈ పరీక్షలో తప్పి 39వ అధ్యాయానికి, ప్లాస్టిక్‌లోకి, పోతాయి. మీ సప్లయర్ "రబ్బర్ లైక్ మెటీరియల్" అని రాశాడంటే అక్కడే ఆగి ఏ పాలిమరో, అంటే అసలు ముడిపదార్థమేమిటో, పేరు రాసి పంపమనండి.

ఇక శాతమే పట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో టైర్లు తెప్పించేవాళ్ళని అడగండి. 2009 సెప్టెంబరులో అమెరికా చైనా టైర్ల మీద మామూలు డ్యూటీకి తోడు మరో 35 శాతం వేసింది, తర్వాతి ఏడాది 30, ఆపైన 25. పుస్తకంలో ఉన్న మామూలు రేటు చూసుకుని ఆర్డరు పెట్టినవాడి గతేమిటి? యాంటీ డంపింగ్ డ్యూటీ (మరీ చవగ్గా తెచ్చి పడేసే సరుకు మీద వేసే అదనపు సుంకం) అయినా, ఇలాంటి అదనపు సుంకాలైనా, వస్తువు కోడ్‌తో పాటు అది ఏ దేశంలో తయారైందో చూసి పడతాయి. ఎక్కడి నుంచి ఓడెక్కిందని కాదు, ఎక్కడ తయారైందని. మధ్యలో ఇంకో రేవులో పెట్టె మార్చినంత మాత్రాన సరుకు పుట్టిన దేశం మారదు. ఈ చిట్కా చెప్పే బ్రోకర్ తగిలితే ఆ నంబరు బ్లాక్ చేసెయ్యండి.

అచ్చుల సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతాను. రబ్బరు సామానులో చాలాభాగం అచ్చులో పోసి తీసేదే. మీ డిజైన్‌కి అచ్చు మీరే చేయించి సప్లయర్‌కి ఉచితంగా ఇచ్చారనుకుందాం. సప్లయర్ అచ్చు ఖరీదు కలపకుండా ముక్కకి చవగ్గా బిల్లు వేస్తాడు. మీరు ఆ బిల్లు మీదే డ్యూటీ కడతారు. తప్పు! ప్రపంచ వాణిజ్య సంస్థ విలువ కట్టే ఒప్పందంలో 8వ నిబంధన ప్రకారం కొనేవాడు ఉచితంగానో చవగ్గానో ఇచ్చిన అచ్చులు, డైలు, పనిముట్ల విలువ కూడా సరుకు విలువలో కలపాలి. అచ్చు వాళ్ళ దేశంలోనే ఉండిపోయినా సరే. నాలుగేళ్ళ తర్వాత ఆడిట్‌కి వచ్చినవాళ్ళు మీ అకౌంట్స్‌లో "మోల్డ్ ఛార్జీలు" అన్న పద్దు వెతుక్కుంటూ వస్తారు. మాకు వచ్చారు. ఆ కథ ఇక్కడ వద్దు, మళ్ళీ బీపీ పెరుగుతుంది.

రూల్స్ అడిగారు కదా, అవి కూడా వస్తువును బట్టి, దేశాన్ని బట్టే. డాక్టర్లు వేసుకునే గ్లవ్స్‌కి ఒక గొడవ, తిండికి తగిలే రబ్బరుకి ఇంకో గొడవ, టైర్లకి సర్టిఫికెట్ల గొడవ. యూరప్‌కి పంపేవాళ్ళు ఎక్కువగా బోల్తా పడేది చేతి పిడుల దగ్గర. సుత్తి పిడి, సైకిల్ హ్యాండిల్ గ్రిప్ లాంటి, ఒంటికి తగిలే రబ్బరు భాగాల్లో కేన్సర్ కారకాలుగా గుర్తించిన ఎనిమిది పీఏహెచ్ రసాయనాల్లో ఏ ఒక్కటీ కిలోకి 1 మిల్లీగ్రాము మించకూడదు. పిల్లల వస్తువులైతే అర మిల్లీగ్రామే. 2015 డిసెంబరు నుంచి ఉంది ఈ రూలు. నల్ల రబ్బరు మెత్తబడటానికి కలిపే చవక నూనెల్లోంచి, కార్బన్ బ్లాక్‌లోంచి వస్తాయివి. కంటికి కనపడవు, ల్యాబ్‌లో తేలతాయి. సప్లయర్ ఇచ్చిన టెస్ట్ రిపోర్టు ఏ బ్యాచ్‌ది, ఏ రంగుది అని చూడండి. ఎర్ర గ్రిప్ రిపోర్టు పెట్టి నల్ల గ్రిప్ పంపేవాళ్ళున్నారు.

అడవులు నరికిన నేలలో పండిన రబ్బరు మాకొద్దని యూరప్ 2023లో ఇంకో చట్టం తెచ్చింది. ఇందులో పశువులు, కోకో, కాఫీ, పామాయిల్, సోయా, కలపతో పాటు రబ్బరు ఉంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన భూమిలోది కాదని తోట ఎక్కడుందో మ్యాప్ మీద గుర్తులతో సహా చూపాలి. అమలు వాయిదాలు పడుతూ వచ్చింది. చెట్టు నుంచి రబ్బరు పాలు తీసే చిన్న రైతు నుంచి టైరు దాకా మధ్యలో ఎంతమంది దళారులుంటారో తెలిసినవాళ్ళకి ఆ వాయిదాలు ఆశ్చర్యం కలిగించవు. రూలు మంచిదే. కానీ దాని బరువంతా చివరికి చేయించే పెద్ద కంపెనీ మీద కాక, కాగితాలు పోగుచేసే నాలాంటి వాళ్ళ మీద పడుతుందని నా అభిప్రాయం.

మీకు పనికొచ్చే మాట ఒకటి. సరుకు బయల్దేరక ముందే మీ కస్టమ్స్ వాళ్ళని కోడ్ విషయంలో రాతపూర్వకంగా అడగొచ్చు. అడ్వాన్స్ రూలింగ్ అంటారు. 2017లో అమల్లోకొచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం సభ్య దేశాలు ఈ ఏర్పాటు చేయాలని చెబుతుంది. టైము పడుతుంది, కాగితాలు అడుగుతారు, కానీ ఒకే వస్తువు ఏటా తెప్పించుకునేవాళ్ళు ఇది చేయకపోవడం నాకు అర్థం కాదు. ఏజెంట్‌ని అడిగితే "అవసరం లేదు మేడమ్, నేను చూసుకుంటా" అంటాడు. చూసుకుంటాడు, సంతకం మాత్రం మనదే.

ఇప్పుడు నా టేబుల్ సొరుగులో ఒక కటింగ్ బ్లేడు, ఒక అయస్కాంతం బిళ్ళ ఉంటాయి. శాంపిల్ వస్తే ముందు కోస్తాను. ఎదురుగా కూర్చునే స్టోర్స్ అతను "మళ్ళీ మొదలెట్టారా అక్కా" అంటాడు. అనుకోనివ్వండి.

ఇంతకీ మీరు తెప్పించబోయేదేమిటో చెప్పనేలేదు. మ్యాట్లా, గొట్టాలా, గ్లవ్సా, సీల్సా? లోపల బట్ట ఉందా, ఇనుముందా? ఒక్కొక్కటిగా వస్తాయా, సంచిలో కలిపి కడతారా? ఏ దేశంలో చేయిస్తున్నారు, అచ్చు ఎవరిది? అవి రాయండి, అప్పుడు శాతం వెతుకుదాం.