అమెరికా రాజ్యాంగం మూలసూత్రాలు బట్టీ పట్టకుండా తలకెక్కాలంటే ఎలా?

అమెరికా సిటిజన్‌షిప్ టెస్టుకు చదువుతున్నానని, చెక్స్ అండ్ బ్యాలెన్సెస్ (ఒకరి అధికారానికి ఇంకొకరు అడ్డుకట్ట), ఫెడరలిజం (కేంద్రం, రాష్ట్రాల మధ్య అధికారాల పంపకం), రూల్ ఆఫ్ లా (ఎవరైనా చట్టానికి లోబడే ఉండాలి) అన్నీ నోటికొచ్చాయి గానీ ఒక్కటీ అర్థం కాలేదని మీరు రాశారు. నాదీ అచ్చం అదే పరిస్థితి. ఫ్రిజ్ మీద కార్డులు అంటించుకుని, కుక్కర్ విజిల్స్ మధ్య మా వారు ప్రశ్న అడిగితే జవాబు అప్పజెప్పేదాన్ని. అప్పట్లో 100 ప్రశ్నల్లోంచి 10 దాకా అడిగేవారు, 6 వస్తే చాలు. 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్లకు 128లోంచి 20 దాకా అడుగుతారు, 12 రావాలి. నేను పాసయ్యాను గానీ, అర్థమైంది మాత్రం ఆ తర్వాతే.

ముందు ఒక్క విషయం పట్టుకోండి. అధికారం ఎవరి చేతికిచ్చినా భయమే అనుకున్నవాళ్లు రాసుకున్న కాగితం ఇది. బ్రిటిష్ రాజుతో యుద్ధం చేసి బయటపడ్డారు కదా, మొదట్లో కేంద్రాన్ని మరీ బలహీనంగా పెట్టుకున్నారు. రాష్ట్రాలు కుదుర్చుకున్న 1781 నాటి ఒప్పందం ప్రకారం దానికి పన్ను వేసే అధికారమే లేదు. యుద్ధం అప్పులు తీర్చలేకపోయింది. 1786లో మసాచుసెట్స్‌లో అప్పుల్లో మునిగిన రైతులు తిరగబడితే, ఆపడానికి దాని దగ్గర సైన్యం లేదు. దాంతో 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో కూర్చున్నారు. వచ్చినవాళ్లు 55 మంది, సెప్టెంబర్ 17న సంతకం పెట్టినవాళ్లు 39 మంది. రోడ్ ఐలాండ్ అయితే మనిషినే పంపలేదు. ప్రభుత్వానికి పని జరిపించేంత బలం ఉండాలి, జనం నెత్తినెక్కేంత ఉండకూడదు. వాళ్ల చిక్కంతా ఇదే.

అందుకే పని మూడు ముక్కలు చేశారు. చట్టం చేసేది కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు), అమలు చేసేది ప్రెసిడెంట్, అర్థం చెప్పేది కోర్టు. మన ప్రధాని లోక్‌సభ మెజారిటీ మీదే నిలబడతారు. ఇక్కడ ప్రెసిడెంట్ గానీ, ఆయన మంత్రులు గానీ కాంగ్రెస్‌లో సభ్యులుగా ఉండకూడదు. కాంగ్రెస్ పాస్ చేసిన బిల్లును ఆయన వీటో చేస్తే (ఆపేస్తే), రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లతో దాన్ని తోసిపుచ్చవచ్చు. జడ్జిలను ఆయన ఎంపిక చేసినా సెనేట్ (కాంగ్రెస్ ఎగువసభ) ఒప్పుకోవాలి. చెక్స్ అండ్ బ్యాలెన్సెస్ అంటే ఇవే. చట్టాన్ని కోర్టు కొట్టేయవచ్చని మాత్రం రాజ్యాంగంలో నేరుగా ఎక్కడా రాసిలేదు. 1803లో మార్బరీ కేసులో సుప్రీంకోర్టే ఆ సంగతి తేల్చింది.

ఫెడరలిజం మన తెలుగువాళ్లకు తెలంగాణతో చెబితే ఇట్టే అర్థమవుతుంది. విభజన మంచిచెడ్డలు పక్కన పెట్టి జరిగిన తీరు చూడండి. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లును తిరస్కరించింది. అయినా ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది. మన మూడో అధికరణం ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు. అమెరికాలో అలా కుదరదు. ఒక రాష్ట్రాన్ని చీల్చి కొత్తది చేయాలంటే కాంగ్రెస్‌తో పాటు ఆ రాష్ట్ర శాసనసభ కూడా ఒప్పుకోవాలి, నాలుగో ఆర్టికల్‌లో ఉంది. ఇక్కడ ముందు పుట్టినవి రాష్ట్రాలు, అవన్నీ కూడి కేంద్రాన్ని చేసుకున్నాయి. కాలిఫోర్నియాకూ ఇద్దరే సెనేటర్లు, పిడికెడు జనం ఉన్న వయోమింగ్‌కూ ఇద్దరే ఎందుకో ఇక్కడే తెలుస్తుంది.

"ప్రజలమైన మేము" అని మొదలుపెట్టారు గానీ అందులో అందరూ లేరు. బానిసత్వం పోవడానికి 1865 దాకా, ఆడవాళ్ల ఓటు హక్కు రాజ్యాంగంలోకి ఎక్కడానికి 1920 దాకా పట్టింది. భారత్ నుంచి వచ్చిన భగత్‌సింగ్ థింద్ కేసు మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి. అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి, అయినా శ్వేతజాతీయుడు కాడు కాబట్టి పౌరసత్వం కుదరదని 1923లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1946లో కాంగ్రెస్ చట్టం మార్చాకే భారతీయులకు ఆ దారి తెరుచుకుంది. నేను ప్రమాణం చేసినరోజు ఆయన గుర్తొచ్చి కళ్లు తడిశాయి.

ఇక రూల్ ఆఫ్ లా నాకు అర్థమైంది జ్యూరీ గదిలో. జ్యూరీ అంటే కేసు విని దోషో కాదో తేల్చే మామూలు పౌరులు. సిటిజన్ అయిన రెండేళ్లకు జ్యూరీకి రమ్మని కౌంటీ కోర్టు నుంచి లెటర్ వచ్చింది. ఒకటే టెన్షన్. దొంగతనం కేసు. నిందితుడు మూడు రోజులూ బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడే తప్ప నోరు విప్పలేదు. సాక్ష్యం చెప్పకపోవడం అతని హక్కు, దాన్ని అతని మీద తప్పుగా పెట్టొద్దని జడ్జిగారు చెప్పి పంపారు. లోపల 12 మందిమి. మొదటిసారి చేతులెత్తితే 9 మంది దోషి అన్నాం, నేనూ అందులోనే ఉన్నాను. "తప్పు చేయనివాడు చెప్పుకోవచ్చుగా" అనేశాను. పక్కనున్న రిటైర్డ్ బస్సు డ్రైవర్ ఏమీ అనలేదు. జడ్జి ఇచ్చిన కాగితం నా ముందుకు జరిపి ఆ లైను మీద వేలు పెట్టాడు. నేను ఫ్రిజ్ మీద అంటించుకున్న రాజ్యాంగం ఐదో సవరణే అది!

ఆ మాట పక్కన పెట్టి చూస్తే మిగిలింది షాపు కెమెరా వీడియో ఒక్కటే. మళ్లీ మళ్లీ వేసి చూశాం, అందులో ముఖం ఆనవాలు కట్టే వీల్లేదు. సాయంత్రానికి 12 మందిమీ ఒక మాట మీదికొచ్చాం, దోషి కాదని. తీర్పు చదవగానే అతను బల్ల మీద తల వాల్చేశాడు. ప్రభుత్వ లాయరు ఫైళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. జ్యూరీ వదిలేసిన మనిషి మీద ప్రభుత్వం అప్పీలుకు వెళ్లడానికి వీల్లేదు, అదీ ఐదో సవరణలోదే.