బ్యాగులో పంక్చర్ కిట్ సరే, ఆ మాత్రల స్ట్రిప్ ఎందుకు?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడేళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను. ఈ సీజన్‌లో 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్లు) పూర్తి చేశాను. ఇక 400, 600 మిగిలాయి. ఎప్పటికైనా ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద బ్రెవే పారిస్-బ్రెస్ట్-పారిస్ తొక్కాలని కోరిక. 600కి ఇచ్చేది 40 గంటలే, దారిలో వెనక కారులో వచ్చి సాయం చేసేవాళ్లుండరు. అందుకే సీటు, టైర్లు, బ్యాగులు అన్నీ మార్చాలనుకుంటున్నాను. ఎలాంటి సీటు మంచిది? టైర్లలో గాలి ఎంత ఉండాలి? ప్రాక్టీసు ఎలా చేయాలి? 300లో మోకాలు నొప్పి పెడితే మూడు పెయిన్ కిల్లర్లు వేసుకున్నాను, బాగా పనిచేశాయి. మర్నాడు మధ్యాహ్నం దాకా మూత్రం సరిగా రాలేదు, తర్వాత సర్దుకుంది. చిటికెన వేలు, సీటు దగ్గర కొంచెం తిమ్మిరి ఉంటోంది. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర రోజూ వాడతాను. 600కి ఏ పెయిన్ కిల్లర్ తీసుకెళ్లమంటారు?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: మీ ప్రశ్నలో ముప్పాతిక వంతు సీటు, టైర్లు, బ్యాగుల గురించే ఉంది. నేను మాత్రం ‘మూత్రం సరిగా రాలేదు’ అన్న దగ్గర ఆగిపోయాను. మోకాలి నొప్పికీ వేలి తిమ్మిరికీ మధ్య దాన్ని ఇరికించి, ‘సర్దుకుంది’ అని మీరే తీర్పు కూడా ఇచ్చేశారు. సర్దుకుందో లేదో క్రియాటినిన్ టెస్టు (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చెప్పాలి. చేయించారా? ప్రశ్నలో ఆ ఊసే లేదు కాబట్టి చేయించలేదనే అనుకుంటున్నాను.

ఏ పెయిన్ కిల్లర్ అని అడిగారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ జాతిలో ఏదీ వద్దు. కారణం చెబుతాను, ఎందుకంటే వద్దంటే ఊరుకునే మనిషిలా లేరు మీరు.

కిడ్నీలో వడపోత జరగాలంటే లోపలికి వచ్చే సన్నటి రక్తనాళం తెరుచుకుని ఉండాలి, లోపల కొంత ఒత్తిడి ఉండాలి. ఎండలో గంటల తరబడి తొక్కితే ఒంట్లో నీరు తగ్గి, రక్తమంతా కాళ్ల కండరాలకీ చర్మానికీ పోతుంది. అప్పుడు కిడ్నీ తనకు వచ్చే నాళాన్ని ఎలాగోలా తెరిచి ఉంచుకుని నెట్టుకొస్తుంది. పెయిన్ కిల్లర్ సరిగ్గా ఆ ఏర్పాటునే దెబ్బతీస్తుంది. ఇక మీ బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. టెల్మిసార్టన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ నీటినీ ఉప్పునీ బయటికి పంపుతుంది. మామూలు రోజుల్లో ఇవి మంచి మందులే, నేనూ రాస్తాను. వీటికి పెయిన్ కిల్లర్ తోడైతే మాత్రం మూడు వైపుల నుంచీ కిడ్నీ మీద దెబ్బ పడుతుంది. దాంతో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం కూడా ఉంది. అందరికీ ఇలా జరుగుతుందని కాదు. మీకు జరిగిందని కూడా రిపోర్టులు చూడకుండా అనను. కానీ 300లో ఒక హెచ్చరిక వచ్చినట్టే కనిపిస్తోంది. 600 అంటే దానికి రెట్టింపు.

అలాగని, డాక్టర్ వద్దన్నాడని బీపీ మాత్ర మానేయకండి. నేను అనలేదు. రైడ్ రోజుల్లో అదే మందు వేసుకోవాలా, మార్చాలా, ఒక పూట ఆపాలా అన్నది మీ బీపీ చూసే డాక్టర్ తేల్చాలి. ఆయన దగ్గరికి వెళ్లి ‘సైక్లింగ్ చేస్తాను’ అంటే చాలదు. ‘40 గంటల్లో 600 కిలోమీటర్లు, పగలు ఎండలో, రాత్రి నిద్ర లేకుండా’ అని పూర్తిగా చెప్పండి. ఈ వారంలోనే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, యూరిన్ టెస్టులు చేయించండి. 44 ఏళ్లు, పైగా బీపీ కాబట్టి ఈసీజీ తీయించి, ట్రెడ్‌మిల్ టెస్టు కావాలేమో కూడా ఆయన్నే అడగండి.

మోకాలి సంగతికి వద్దాం. నొప్పి మోకాలి ముందు వైపా, వెనకా? మీరు రాయలేదు. సాధారణంగా సీటు కిందికి ఉంటే ముందు వైపు, మరీ పైకి ఉంటే వెనక వైపు నొప్పి వస్తుంది. బరువు గేరులో నెమ్మదిగా బలవంతాన తొక్కేవాళ్లకూ ముందు వైపే వస్తుంది. తేలిక గేరులో నిమిషానికి 80, 90 చుట్లు తిప్పడం అలవాటు చేసుకోండి. సైకిల్ ఫిట్టింగ్ తెలిసినవాళ్ల దగ్గర ఒకసారి కొలతలు తీయించుకోండి. కొత్త బ్యాగుల కన్నా ముందు ఆ డబ్బు దీనికి పెట్టండి. పెయిన్ కిల్లర్ వేసుకుంటే సీటు ఎత్తు మారదు కదా, నొప్పి వినపడకుండా పోతుందంతే. మీరు అదే మోకాలితో మిగతా దూరమంతా తొక్కేశారు. తప్పనిసరైతే పారాసిటమాల్ గురించి మీ డాక్టర్‌ని అడగండి, మోతాదు కూడా ఆయన్నే చెప్పమనండి. మందుల షాపులో ఒళ్లు నొప్పులకని అడిగితే చాలాసార్లు పారాసిటమాల్‌తో ఎసిక్లోఫెనాక్ కలిపిన మాత్ర చేతిలో పెడతారు. స్ట్రిప్ వెనక పేర్లు చదవండి. జడ్చర్ల దాటాక అర్ధరాత్రి టార్చ్ వెలుగులో చదవడం కాదు, ఇంట్లోనే.

నీళ్ల విషయంలోనూ జాగ్రత్త. కిడ్నీ గురించి చెప్పాను కదా అని లీటర్ల కొద్దీ మంచినీళ్లు తాగేస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. మీ మాత్రలోని థయజైడ్‌తో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. దాహాన్ని బట్టి తాగండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు సరిపడా చేసింది, మీ సైకిల్ బాటిల్ పట్టేది బహుశా ముప్పావు లీటరు. అందులో మొత్తం పొడి వేస్తే చిక్కనవుతుంది. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి, లెక్క తేలిక. పండ్ల రుచుల తీపి డ్రింకుల్ని ఓఆర్ఎస్ అనుకుని కొనేవారు. ఆ పేరు మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రమాణాల ప్రకారం లేని డ్రింకులకు ఆ పేరు వాడొద్దని చివరికి 2025లో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. రైడ్‌లో కాళ్లు లాగుతున్నప్పుడు లేబుల్ ఎవరూ చూడరు, అందుకే ఇక్కడ చెబుతున్నాను. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. మీ రిపోర్టులు వచ్చేదాకా బోండాల మీద బోండాలు కొట్టించుకోకండి.

వేళ్ల తిమ్మిరి చాలావరకు అరచేయి మీద బరువు పడి నరం నలగడం వల్ల వస్తుంది. హ్యాండిల్ కాస్త ఎత్తు చేయించి, జెల్ గ్లోవ్స్ వేసుకుని, పది నిమిషాలకోసారి హ్యాండిల్ మీద చేతులు పెట్టే చోటు మార్చండి. రైడ్ అయ్యాక రోజుల తరబడి తిమ్మిరి పోకపోయినా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా న్యూరాలజిస్టుకు చూపించాలి. సీటు దగ్గరి తిమ్మిరిని సిగ్గుతో ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడి నరం, రక్తనాళం నలిగితే దాంపత్యం మీదా ప్రభావం పడొచ్చు. సీటు మెత్తగా ఉండటం కన్నా మీ కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపోవడం ముఖ్యం. మధ్యలో గాడి ఉన్నది చూడండి. సీటు ముందు కొస పైకి లేచి ఉంటే దించండి. మధ్యమధ్యలో పెడల్స్ మీద లేచి నిలబడండి.

ప్రాక్టీసు గురించి ఎక్కువ చెప్పను, మీ క్లబ్బులో సీనియర్లు నాకన్నా బాగా చెబుతారు. దూరం ఒక్కసారిగా పెంచొద్దు. 400కి 27 గంటలు ఇస్తారు, రాత్రి తొక్కడం, తిండి, లైట్లు, కొత్త సీటు అన్నీ అక్కడే పరీక్షించుకోండి. 600 రోజున కొత్తది ఏదీ ఒంటి మీదా సైకిల్ మీదా ఉండకూడదు. నిద్ర ముంచుకొస్తుంటే కాఫీ మీద నెట్టుకురాకండి. ధాబాలో మంచం మీద ఇరవై నిమిషాలైనా పడుకోండి, కుదిరితే రెండు మూడు గంటలు. బ్రెవే రేసు కాదు, ఫస్టు సెకండు లేవు. కంట్రోల్ పాయింట్లలో గడువులోగా కార్డు మీద ముద్ర పడితే చాలు.

దారిలో ఛాతీ బరువుగా, దవడ లాగుతున్నట్టు అనిపించినా, మాట తడబడినా, తికమకగా ఉన్నా, మూత్రం కోలా రంగులో వచ్చినా, ఏడెనిమిది గంటలు అసలు రాకపోయినా అక్కడితో ఆపేసి 108కి ఫోన్ చేయండి. ‘ఇంకో 60 కిలోమీటర్లే కదా’ అనుకుని వచ్చిన పేషెంట్లను నేను చూశాను.

ఇదంతా మీరు రాసిన నాలుగు మాటల మీద చెప్పింది. పరీక్షించకుండా ఇంతకు మించి చెప్పడం సరికాదు. క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా 400కి పేరు ఇవ్వకండి. టైర్లలో గాలి ఎంతో మాత్రం మీ సైకిల్ షాపతన్నే అడగండి.