హాల్లోకి రావద్దని మా ఆవిడకు చెప్పాను... తప్పా?

ప్రశ్న: నా వయసు 45. 2003లో ఎం.ఎస్. చదవడానికి మసాచుసెట్స్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. రూమ్మేట్ల పుణ్యమా అని ఆ ఏడాదే ఇక్కడి బోస్టన్ బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్‌కి అభిమానినయ్యాను. ఇప్పుడు మంగళవారం, 2025 సెప్టెంబరు 30 నుంచి మా పాత ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్‌తో వైల్డ్ కార్డ్ సిరీస్, అంటే సీజన్ తర్వాతి ప్లేఆఫ్స్‌లో మొదటి మెట్టు. ఆదివారం ఆ సంగతి ఖరారైనప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా ఆవిడ హాల్లో కూర్చుంటే ఓడిపోతామని నాకో నమ్మకం. 2018 ప్లేఆఫ్స్‌లో యాంకీస్‌తో రెండో ఆట పక్కన కూర్చుని చూసింది, ఓడాం. 2021లో మళ్లీ వాళ్లతోనే ఆడినప్పుడు తను నైట్ షిఫ్ట్‌లో ఉంది, గెలిచాం. అందుకే ఈసారి ఆట అయ్యేదాకా హాల్లోకి రావద్దన్నాను. అప్పట్నుంచి మాట్లాడటం లేదు. న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది యాంకీస్ అంటే పడిచస్తాడు. జూన్‌లో మేం మూడుకి మూడూ గెలిచినప్పుడు ఫ్యామిలీ గ్రూపులో వాడి మీద ఒక జోకు పెట్టాను, మాటా మాటా పెరిగింది. దసరాకి సెలవు పెట్టుకుని వాళ్లు గురువారం మా ఇంటికి రావాలి. ఇంకోటి, ఇంట్లో తెలియకుండా బెట్టింగ్ యాప్‌లో 400 డాలర్లు పెట్టాను. పదమూడేళ్ల మా అబ్బాయి నాకంటే ఎక్కువ టెన్షన్ పడుతున్నాడు. నాకు బీపీ కూడా ఉంది. ఈ మూడు రోజులు ఎలా గట్టెక్కాలి?

జవాబు: ముందు ఆట సంగతే మాట్లాడుకుందాం. మీ భయంలో సగం అక్కడే ఉంది. పైగా ఆట తెలియనివాళ్లు చెప్పే సలహా ఈ వారంలో మీరు ఎలాగూ వినరు.

మీరు పెట్టుకున్న ఆశ ఉత్తిదేం కాదు. ఈ సీజన్‌లో యాంకీస్‌తో 13 ఆటలాడి మీవాళ్లు 9 గెలిచారు. మంగళవారం మీ పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, గారెట్ క్రోషే. ఈ ఏడాది 18 విజయాలు, 255 స్ట్రైక్‌అవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం). ఆధిక్యం ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా నిలిస్తే ముగించడానికి పిచ్చర్ చాప్‌మన్ ఉన్నాడు, ఒకప్పుడు యాంకీస్‌కే ఆ పని చేసిపెట్టినవాడు. భయానికీ కారణాలున్నాయి. మూడు ఆటలూ యాంకీ స్టేడియంలోనే, మీ సొంత మైదానం ఫెన్‌వేలో ఒక్కటీ లేదు. మీ బ్యాటర్ రోమన్ ఆంథొనీ గాయంతో బయట కూర్చున్నాడు. అవతల పిచ్చర్ మాక్స్ ఫ్రీడ్ 19 గెలిచాడు, బ్యాటర్ ఆరన్ జడ్జ్ 53 హోమ్ రన్లు (బంతిని స్టాండ్స్‌లోకి కొట్టేవి) కొట్టాడు. రాత్రంతా ఇవన్నీ తూకం వేసి ఎవరు గెలుస్తారో తేల్చుకోవాలని చూస్తున్నారు. తేలదు. ఎందుకో చూడండి.

ఒక్కో ఆటలో మీవాళ్లు గెలిచే అవకాశం నూటికి 55 అనుకుందాం. ప్లేఆఫ్స్‌కి వచ్చిన రెండు మంచి జట్ల మధ్య అంత తేడా ఉండటమే ఎక్కువ. మూడింట్లో రెండు గెలవాల్సిన సిరీస్‌కి లెక్క కడితే అది నూటికి 57 అవుతుంది. అంతే పెరుగుతుంది. అంటే మెరుగైన జట్టు కూడా నూటికి 43 సార్లు ఇంటిముఖం పడుతుంది. సీజన్ మొత్తం 162 ఆటలాడితే గానీ బయటపడని తేడా మూడు రాత్రుల్లో కనబడి తీరాలని లేదు. మేనేజర్ రిలీవర్‌ని (మధ్యలో దిగే పిచ్చర్‌ని) ఒక బంతి ఆలస్యంగా పిలిచినా చాలు, సిరీస్ అటు తిరుగుతుంది.

టీవీలో ఇంకో లెక్క పదే పదే చెబుతారు. 2022లో ఈ మూడు ఆటల పద్ధతి వచ్చాక జరిగిన 12 సిరీస్‌లలోనూ మొదటి ఆట గెలిచినవాళ్లే ముందుకెళ్లారు. నిజమే. అయితే పూర్తిగా సమఉజ్జీలైనా సరే, మొదటిది గెలిచిన జట్టుకి అవకాశం నూటికి 75 ఉంటుంది, మిగతా రెండింట్లో ఒకటి చాలు కదా. ఆ పైన పన్నెండుకి పన్నెండూ రావడం అదృష్టం కలిసిరావడమే. పదమూడోసారి తిరగబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. కాబట్టి మంగళవారం గెలిస్తే గ్రూపులో విజయోత్సవం వద్దు, ఓడితే అన్నం మానేయడమూ వద్దు. ఇదే యాంకీస్ మీద 0-3తో వెనకబడి వరసగా నాలుగు గెలిచిన 2004 సిరీస్‌ని కళ్లారా చూసినవారికి ఇది వేరే చెప్పాలా?

మీ మొదటి సీజన్ 2003 కావడం కూడా చిన్న విషయం కాదు. ప్లేఆఫ్స్‌లో యాంకీస్‌తో ఏడో ఆట, పదకొండో ఇన్నింగ్స్, మీ టిమ్ వేక్‌ఫీల్డ్ బంతికి వాళ్ల ఆరన్ బూన్ హోమ్ రన్, మీవాళ్లు ఇంటికి. అదే బూన్ ఇప్పుడు యాంకీస్ మేనేజర్. జట్టు కూర్చునే డగౌట్‌లో అతని ముఖం చూపించిన ప్రతిసారీ మీ గుండె ఒకసారి ఆగి కొట్టుకుంటుంది. అది జరగబోయేదానికి సూచన కాదు, పాత రాత్రి గుర్తుకు రావడం. ఆ క్షణంలో లేచి మంచినీళ్లు తాగి రండి.

ఇక మీ ఆవిడ సంగతి. 2018 సిరీస్‌లో మూడో ఆట మీవాళ్లు 16-1తో గెలిచారు. ఆ రాత్రి ఆమె ఎక్కడుంది? నాలుగో ఆట 4-3తో గెలిచి సిరీస్ ముగించినప్పుడు ఎక్కడుంది? మీరు రాయలేదు. బహుశా గుర్తు కూడా లేదు. ఒక ఆటలో రెండు జట్లవీ కలిపి దాదాపు 300 బంతులు పడతాయి. ఎవరు ఏ పది నిమిషాలు హాల్లోకి వచ్చినా ఆ లోపల ఏదో ఒకటి జరక్క మానదు. మన నమ్మకానికి సరిపడిన రెండు ముక్కలు మనసు దాచుకుంటుంది, మిగతావి పారేస్తుంది.

అదృష్టానికి పాత టోపీ పెట్టుకోండి, ఒకే కుర్చీలో కూర్చోండి, ఎవరికీ నష్టం లేదు. శకునం మీ ఒంటి మీద ఉన్నంతవరకు సరదా. ఇంకో మనిషిని, అందులోనూ ఇంటి ఇల్లాలిని, అపశకునమని గదిలోంచి పంపిస్తే అది అవమానం. మన ఇళ్లలో ఆడవాళ్లకి ఈ మాట కొత్త కాదు, అందుకే మీరు అనుకున్నదానికంటే లోతుగా తగిలి ఉంటుంది. బోస్టన్‌లో ఈ జబ్బు పాతదే. తమ మేటి ఆటగాడు బేబ్ రూత్‌ని యాంకీస్‌కి అమ్మిన శాపమే 1918 నుంచి 2004 దాకా 86 ఏళ్లు రెడ్ సాక్స్‌కి వరల్డ్ సిరీస్ కప్పు రానివ్వలేదన్నారు. మిగతా మేజర్ లీగ్ జట్లన్నీ నల్లజాతి ఆటగాళ్లను తీసుకున్నాక, అందరికంటే ఆఖరున 1959లో గానీ రెడ్ సాక్స్ వాళ్లకి తలుపు తెరవలేదన్న సంగతి మాత్రం శాపం చాటున మరుగునపడింది.

ఆమెతో ఈ రాత్రే మాట్లాడండి. ‘సరదాకి అన్నాను’ అనకండి, సరదాకి అనలేదు కదా. ‘భయంతో నీ మీద నెట్టాను, అలా అనకుండా ఉండాల్సింది. నీకు చూడాలనుంటే రేపు పక్కన కూర్చో’ అంటే చాలు. ఆమె కూర్చోకపోవచ్చు, కోపం రెండు రోజులు ఉండొచ్చు. ఉండనివ్వండి. రేపు ఆమె వచ్చి కూర్చున్నాక జడ్జ్ బంతిని స్టాండ్స్‌లోకి కొడితే, ఆమె వైపు తిరిగి చూడకండి. మీ అసలు పరీక్ష అక్కడ.

అదే మాటల్లో 400 డాలర్ల విషయం కూడా చెప్పేయండి. మొత్తం కంటే దాచడం పెద్ద సమస్య. పెట్టిన డబ్బు పోయిందనే లెక్క వేసుకోండి. మొదటి ఆట ఓడితే ‘రెండో దాని మీద రెట్టింపు పెట్టి రాబట్టుకుందాం’ అనిపిస్తుంది, జనం మునిగేది అక్కడే. ఆట నడుస్తుండగా బంతి బంతికీ పెట్టే పందాలు ఇంకా ప్రమాదం, ఆలోచించే వ్యవధే ఇవ్వవు. మంగళవారం సాయంత్రం లోపు యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిపాజిట్ పరిమితిని అతి తక్కువకి దించండి, బ్యాంకు కార్డు తీసేయండి. యాప్‌ని ఫోన్‌లోంచి తొలగించినంత మాత్రాన ఖాతా మూతపడదు, అది గుర్తుంచుకోండి. చేయి ఆగడం లేదనిపిస్తే మసాచుసెట్స్ గేమింగ్ కమిషన్ దగ్గర స్వచ్ఛందంగా మిమ్మల్ని మీరు నిషేధించుకునే జాబితా ఉంది. 1-800-327-5050 రాష్ట్ర హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పలుకుతుంది.

బావమరిదికి మొదటి ఆటకి ముందే ఫోన్ చేయాలి. తర్వాత చేస్తే, గెలిచి ఉంటే ఎగతాళిలా, ఓడి ఉంటే ఏడుపులా వినిపిస్తుంది. మెసేజ్ కాదు, ఫోన్. ‘ఒరేయ్, జూన్‌లో నేను పెట్టింది ఎక్కువైంది. గురువారం మీరందరూ రావాలి. ఆట ఉంటే కలిసి చూద్దాం.’ ఇక్కడ ఆపేయండి. ‘నువ్వు కూడా తక్కువ అనలేదు’ అన్న వాక్యం నోటిదాకా వస్తుంది, మింగేయండి. గ్రూపుని శుక్రవారం దాకా మ్యూట్‌లో పెట్టండి. బంతికో కామెంట్ పెట్టే చుట్టాలు ప్రతి ఇంట్లో ఒకరిద్దరుంటారు, మీ ఇద్దరి మధ్య పుల్ల పెట్టేది వాళ్లే.

అబ్బాయి చేతికి పని ఇవ్వండి. కాగితం మీద స్కోర్ రాయడం నేర్పండి. మైదానంలో ఒక్కో స్థానానికి ఒక్కో అంకె. పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, అవుట్‌ఫీల్డ్ ఎడమ నుంచి 7, 8, 9. షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్‌కి, అక్కడ్నుంచి ఫస్ట్‌కి బంతి వెళ్లి డబుల్ ప్లే (ఒకే దెబ్బకి ఇద్దరు అవుట్) పడితే 6-4-3. ప్రతి బ్యాటర్‌కి ఒక గడి నింపాలంటే గోళ్లు కొరకడానికి చేయి ఖాళీ ఉండదు. మీరూ ఇంకో కాగితం పట్టుకోండి, మనసు కాస్త కుదుటపడుతుంది.

వాడు ఆట కంటే మీ ముఖాన్నే ఎక్కువ చూస్తున్నాడు. ఓడితే మొదటి అరగంట ఏ విశ్లేషణా వద్దు, ‘ఉత్త ఆటే కదా’ అని తేలిక చేయడం అసలే వద్దు. ‘నాకూ బాధగానే ఉంది’ అని చెప్పి అన్నం పెట్టండి. పడుకునే వేళ ముందే ఒప్పందం చేసుకోండి. ఆట సాయంత్రం 6:08కి మొదలు, బంతి బంతికీ గడువు పెట్టే పిచ్ క్లాక్ ఉంది కనక మామూలుగా తొమ్మిది, తొమ్మిదిన్నరకి అయిపోతుంది. కానీ స్కోరు సమమైతే, ఆట త్వరగా తేలడానికి సీజన్‌లో పెట్టినట్టు అదనపు ఇన్నింగ్స్‌లో ముందే రెండో బేస్ మీద రన్నర్‌ని పెట్టరు, ప్లేఆఫ్స్‌లో ఎంతసేపైనా సాగొచ్చు. 2018 వరల్డ్ సిరీస్‌లో మీవాళ్లదే ఒక ఆట 18 ఇన్నింగ్స్, ఏడు గంటల ఇరవై నిమిషాలు నడిచింది. పదిన్నరకి మంచం, మిగతాది పొద్దున్న రికార్డింగ్‌లో. ఈ నియమం ఇన్నింగ్స్ మధ్యలో పెడితే యుద్ధమే, ఇవాళే పెట్టండి.

మీ ఆరోగ్యం విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాం. 2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో జర్మనీ ఆడిన రోజుల్లో మ్యూనిక్ ప్రాంతంలో గుండె సంబంధ అత్యవసర కేసులు మామూలు రోజుల కంటే 2.66 రెట్లు నమోదయ్యాయి. గుండె జబ్బు ముందే ఉన్నవాళ్లకి ముప్పు ఇంకా ఎక్కువ కనిపించింది. భయపెట్టడానికి కాదు, మాత్ర వేళ తప్పకూడదని. ఆట చూస్తూ రెండో పెగ్గు, ఉప్పు చిప్స్ పొట్లం, నిద్ర లేమి, ఈ మూడూ కలవనివ్వకండి. ఇన్నింగ్స్‌ల మధ్య దొరికే రెండు మూడు నిమిషాల్లో లేచి నడవండి. ఇవాళ ఒకసారి బీపీ చూసుకుని, ఎప్పుడూ ఉండేదానికంటే ఎక్కువ ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఛాతీలో బరువు, చేయి లాగడం, చల్లని చెమట, ఆయాసం వస్తే తొమ్మిదో ఇన్నింగ్స్ అయినా సరే 911.

మిగిలింది గురువారం. రెండు ఆటల్లోనే తేలిపోతే ఆ రోజు ఆటే ఉండదు. మూడోది పడితే ఆరింటి తర్వాతో, వేరే సిరీస్‌లు ముందే ముగిస్తే ఎనిమిది తర్వాతో మొదలవుతుంది. కాబట్టి పూజ నాలుగున్నరకి, భోజనాలు ఐదుకి పెట్టుకోండి, ఏ వేళైనా సర్దుకుంటుంది. పులిహోర, గారెలు ఆవిడ చేస్తానంటే సరే, వడ్డన, గిన్నెలు మీవి. టీవీ ముందు సోఫాలో ఒకపక్క మీరు, ఇంకోపక్క మీ బావమరిది, మధ్యలో అబ్బాయి స్కోర్ కాగితంతో. మీ ఆవిడ ఎక్కడ కూర్చోవాలో ఆమే చూసుకుంటుంది.