ఆటల ఉత్తరాలు: డబ్బు తీసుకోకుండా ఆడిన బెల్ రాబర్ట్‌సన్

ప్రశ్న: మేడం గారికి నమస్తే. మా అమ్మాయికి 19 ఏళ్లు. గోల్కొండ పక్కనున్న గోల్ఫ్ కోర్సులో చిన్నప్పటి నుంచి ఆడుతోంది. ఈ మధ్య రెండు టోర్నమెంట్లలో ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయింది. ప్రొఫెషనల్‌గా మారనని, ఉద్యోగం చేసుకుంటూ అమెచ్యూర్‌గానే ఆడతానని అంటోంది. మా వారేమో ‘పైసా రాని ఆటకు ఇంత ఖర్చు దేనికి’ అంటున్నారు. జీవితమంతా అమెచ్యూర్‌గానే ఉండి పైకొచ్చిన ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా?
– ఓ తల్లి, మెహదీపట్నం

జవాబు: ఉన్నారమ్మా. స్కాట్లండ్‌కు చెందిన బెల్ రాబర్ట్‌సన్ గురించి చెప్తాను. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, వీలైతే మీ వారిని కూడా.

ఆవిడ 1936లో సౌత్ఎండ్ అనే పల్లెలో, వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. స్కాట్లండ్ పడమటి తీరాన కింటైర్ అనే పొడవాటి ద్వీపకల్పం ఉంది. దాని దక్షిణ కొసన ఉంటుంది ఆ ఊరు. పుట్టింటి పేరు ఇజబెల్లా మెకార్కిండేల్. ఊరి సముద్రపు ఒడ్డున డనావర్టీ అనే చిన్న కోర్సు ఉంది. ఆట నేర్చుకున్నది అక్కడే. పొడవు 5,000 గజాలు కూడా ఉండదు. పెద్ద పెద్ద ఛాంపియన్‌షిప్‌లు జరిగే చోటు కాదు. కానీ అక్కడ సముద్రపు గాలి ఊరికే ఉండదు. ఆ గాలిలో బంతిని తక్కువ ఎత్తులో పంపడం, గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) రాకముందే నేల తాకించి దొర్లించడం వచ్చినవాళ్లు ఎక్కడైనా ఆడగలరు.

బ్రిటన్‌లో అమెచ్యూర్ ఆడవాళ్లకు అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్ బ్రిటిష్ లేడీస్ అమెచ్యూర్. 1959లో, 23 ఏళ్ల వయసులో, బెల్ దాని ఫైనల్‌కు వచ్చారు. ఇంగ్లండ్‌లో ఆస్కాట్ దగ్గరి బర్క్‌షైర్ కోర్సులో మ్యాచ్. అప్పట్లో ఫైనల్ అంటే 36 హోల్స్, పొద్దున 18, మధ్యాహ్నం 18. ఎక్కువ హోల్స్ గెలిచినవాళ్లదే మ్యాచ్. ఆ 36 అయ్యేసరికి ఇద్దరూ సమానం. 37వ హోల్‌లో ఎలిజబెత్ ప్రైస్ గెలిచింది. ఆ ప్రైస్ కూడా అంతకు ముందు ఇదే టోర్నమెంట్‌లో రెండు ఫైనల్స్ ఓడిన మనిషే. అందులో ఒకటి, 1958లో, మరో స్కాటిష్ మహిళ జెసీ వాలెంటైన్ చేతిలో, ఒక్క హోల్ తేడాతో.

ఆరేళ్ల తర్వాత, 1965లో, గోల్ఫ్‌కు పుట్టిల్లు లాంటి సెయింట్ ఆండ్రూస్‌లో బెల్ మళ్లీ ఫైనల్ చేరారు. ఫ్రాన్స్ అమ్మాయి బ్రిజిత్ వరాంగో చేతిలో 4, 3 తేడాతో (ఈ లెక్క కింది జవాబులో చెప్పాను) ఓడిపోయారు. 1970లో గలన్‌లో మూడో ఫైనల్. ఈసారి డైనా ఆక్స్‌లీ ఒక్క హోల్ తేడాతో గెలిచింది. మూడు ఫైనల్స్, మూడు ఓటములు.

నేను స్పోర్ట్స్ డెస్క్‌లో పనిచేసిన రోజుల నుంచీ ఫైనల్స్‌లో ఓడినవాళ్ల పేర్లు విడిగా ఓ నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు నాకుంది. పేపర్లో వాళ్లకు దక్కేది ఒక్క వాక్యమే. ఆ వాక్యం తర్వాత వాళ్లు ఏం చేశారన్నది నాకు ముఖ్యం. బెల్ ఏం చేశారంటే, ఆడుతూనే ఉన్నారు. 1965లో, అంటే రెండో ఫైనల్ ఓడిన ఏడాదే, స్కాటిష్ లేడీస్ ఛాంపియన్ అయ్యారు. 1966, 1971, 1972, 1978, 1980లలో మళ్లీ మళ్లీ గెలిచారు. 1973లో బ్రిటన్ ఇచ్చే ఎంబీఈ అనే గౌరవం వచ్చింది.

ఇప్పుడు మీ వారి డబ్బు లెక్క విషయానికి వద్దాం. 1980లో వెంట్‌వర్త్‌లో జరిగిన మహిళల బ్రిటిష్ ఓపెన్‌లో ప్రొఫెషనల్స్ కూడా ఆడారు. అమెరికన్ ప్రొఫెషనల్ డెబీ మాసీ గెలిచింది. ఒకే ఒక్క స్ట్రోక్ వెనక ఇద్దరు అమెచ్యూర్లు నిలిచారు: స్పెయిన్ అమ్మాయి మార్తా ఫిగెరాస్ దోత్తీ, 44 ఏళ్ల బెల్. నాలుగు రోజుల ఆటలో ఒక్క స్ట్రోక్ అంటే, ఎక్కడో ఓ గ్రీన్ మీద హోల్ అంచు తాకి ఆగిపోయిన ఒక పుట్ (హోల్‌లోకి దొర్లించే దెబ్బ). అమెచ్యూర్ కాబట్టి రెండో స్థానానికి వచ్చే ప్రైజ్ మనీలో ఒక్క పౌండు కూడా ఆవిడ తీసుకోవడానికి వీల్లేదు. ఆ తర్వాతైనా ప్రొఫెషనల్‌గా మారి ఉండొచ్చు, బ్రిటన్‌లో ఆడవాళ్ల ప్రొఫెషనల్ టూర్ 1979లోనే మొదలైంది. ఆవిడ అటు వెళ్లలేదు. నా దృష్టిలో ఆ నిర్ణయానికి విలువ ఎక్కువ. ఎందుకంటే అమెచ్యూర్‌గా ఆవిడకింకా ఓ బాకీ మిగిలి ఉంది.

ఆ బాకీ 1981లో తీరింది. వేల్స్ ఉత్తర తీరంలో కాన్వీ దగ్గర బ్రిటిష్ లేడీస్ అమెచ్యూర్ ఫైనల్. ఎదుట తోటి స్కాటిష్ అమ్మాయి విల్మా ఐట్‌కెన్, బెల్ కంటే ఎంతో చిన్నది. అప్పటికి ఫైనల్ 18 హోల్సే. 18 అయ్యేసరికి సమానం. 19వ హోల్‌లోనూ తేలలేదు. మొదటి ఫైనల్‌లో అదనపు హోల్‌లో ఓడిన మనిషికి ఆ క్షణంలో ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించండి. 20వ హోల్‌లో బెల్ గెలిచారు. వయసు 45. మొదటి ఫైనల్‌కూ ఈ గెలుపుకూ మధ్య 22 ఏళ్లు.

మీ అమ్మాయి రెండు ఫైనల్స్ ఓడింది 19 ఏళ్లకే. ఆ వయసులో రెండు ఫైనల్స్ దాకా రావడమే పెద్ద విషయం. ఉద్యోగం చేస్తూ ఆడతానంటే ఆడనివ్వండి. ఖర్చు గురించి మాత్రం ఇద్దరూ కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోండి, సంపాదన మొదలయ్యాక తన ఆట ఖర్చు తనే పెట్టుకోవచ్చు. ఇంకో మాట, 2022 నుంచి నిబంధనలు మారాయి. అమెచ్యూర్లు కూడా 1,000 డాలర్ల లోపు ప్రైజ్ తీసుకోవచ్చు. స్పాన్సర్ల సాయం తీసుకోవడం కూడా మునుపటి కంటే సులువైంది.

ప్రశ్న: గోల్ఫ్‌లో తక్కువ స్ట్రోక్‌లు కొట్టినవాళ్లే గెలుస్తారు కదా. మరి ‘4, 3 తేడా’ అని రాస్తారేంటి?
– డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: అది మ్యాచ్ ప్లే నాయనా. ఇద్దరే ఎదురెదురుగా ఆడతారు. ఏ హోల్ లెక్క ఆ హోల్‌దే. ఓ హోల్‌లో నువ్వు పది స్ట్రోక్‌లు కొట్టి చెడగొట్టుకున్నా పోయేది ఆ ఒక్క హోలే. ఒకరు 4 హోల్స్ ముందుండి, ఇంకా 3 హోల్సే మిగిలి ఉంటే రెండోవాళ్లు అందుకోలేరు కాబట్టి ఆట అక్కడితో ఆపేస్తారు. అదే 4, 3.

ప్రశ్న: 50 ఏళ్ల వయసులో ఓ అమెచ్యూర్ గోల్ఫర్ అమెరికా జట్టును ఓడించిందని మా ఆఫీసులో ఓ పెద్దాయన అన్నారు. నిజమేనా?
– బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: నిజమే, ఆవిడా బెల్ రాబర్ట్‌సనే. ఒక్కతే కాదు, జట్టుతో కలిసి. అమెరికా ఒకవైపు, బ్రిటన్, ఐర్లండ్ కలిసి మరోవైపు ఆడే అమెచ్యూర్ మహిళల పోటీ కర్టిస్ కప్. రెండేళ్లకోసారి జరిగేది. 1960 నుంచి 1984 దాకా వరసగా 13 సార్లు అమెరికాయే గెలిచింది. ఆ 13లో ఆరుసార్లు బెల్ ఆడి ఓడారు. 1974, 1976లలో ఆడని కెప్టెన్‌గా పక్కన నిలబడి ఓటమి చూశారు. అంత జరిగాక కూడా 1986లో, 50 ఏళ్ల వయసులో, జట్టులో చోటు సంపాదించారు. ఆ ఏడాదే ఏడోసారి స్కాటిష్ ఛాంపియన్ కూడా అయ్యారు.

వేదిక కాన్సస్ రాష్ట్రం హచిన్సన్‌లోని ప్రైరీ డ్యూన్స్. ఆగస్టు ఎండలు. ఫోర్‌సమ్స్‌లో బెల్ జోడీ ఐర్లండ్‌కు చెందిన మేరీ మెకెన్నా. ఫోర్‌సమ్స్ అంటే ఇద్దరికీ కలిపి ఒకే బంతి, ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి. నువ్వు బంతిని గడ్డిలోకి పంపితే అక్కడి నుంచి తీయాల్సింది నీ జోడీ. అందుకే అందులో చేతివాటం కంటే ఒకరి మీద ఒకరికి నమ్మకం ముఖ్యమంటాను. మొదటి ఉదయం మూడు ఫోర్‌సమ్స్ మ్యాచ్‌లూ బ్రిటన్, ఐర్లండ్ జట్టే గెలుచుకుంది. ఇక అమెరికా కోలుకోలేదు. బెల్ జట్టులోని కుర్రది ట్రిష్ జాన్సన్ ఆడిన నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. చివరి స్కోరు 13–5.

ఇంకో సంగతి మీ ఆఫీసు పెద్దాయనకు చెప్పండి. అప్పటిదాకా రైడర్ కప్ (మగ ప్రొఫెషనల్స్ ఆడేది)లో గానీ వాకర్ కప్ (మగ అమెచ్యూర్లు ఆడేది)లో గానీ అట్లాంటిక్ దాటి వచ్చిన మగవాళ్ల జట్టేదీ అమెరికా గడ్డ మీద గెలవలేదు. రైడర్ కప్‌లో ఆ గెలుపు 1987లో వచ్చింది, వాకర్ కప్‌లో 1989లో. ఆడవాళ్లు ముందే చేసి చూపించారు.

ప్రశ్న: గ్లాస్గోలో చదువుకుంటున్నాను. మీరు ఇదివరకోసారి బెల్ రాబర్ట్‌సన్ పేరు రాశారు. ఆవిడ ఊరు చూడాలని ఉంది. ఎలా వెళ్లాలి?
– తెలుగు విద్యార్థిని, గ్లాస్గో

జవాబు: మ్యాప్‌లో దగ్గరగా కనిపిస్తుంది తల్లీ, కానీ మధ్యలో సముద్రపు పాయలు చొచ్చుకొచ్చి ఉంటాయి కాబట్టి రోడ్డు చుట్టూ తిరిగి వెళ్తుంది. లాక్ లోమండ్, ఇన్వరేరీ, టార్బర్ట్ మీదుగా క్యాంబెల్‌టౌన్ చేరాలి. గ్లాస్గో నుంచి నేరుగా బస్సుంది, ప్రయాణానికి సగం రోజు పెట్టుకో. క్యాంబెల్‌టౌన్ నుంచి సౌత్ఎండ్ దక్షిణంగా 16 కిలోమీటర్లు. డనావర్టీలో బయటివాళ్లు కూడా ఫీజు కట్టి ఆడొచ్చు. రాత్రికి క్యాంబెల్‌టౌన్‌లో ఆగితే మర్నాడు దగ్గర్లోని మక్రిహానిష్ కోర్సు చూడు. అక్కడ మొదటి షాట్‌నే సముద్రపు ఒడ్డు మీదుగా కొట్టాలి. ఎండాకాలమైనా గాలి ఆపే జాకెట్ తప్పకుండా తీసుకెళ్లు, గొడుగు అక్కడ నిలవదు.