సోవియట్ విదేశాంగ మంత్రిగా ప్రపంచం మెచ్చిన షెవర్డ్‌నాడ్జేకు, తర్వాత అధ్యక్షుడిగా పాలించిన స్వదేశం జార్జియాలో ఆ గౌరవం ఎందుకు దక్కలేదు?

ఈ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది జార్జియా రాజధాని టిబిలిసిలో మా ఇంటి యజమానురాలి వంటగదిలో. మెడిసిన్ చదువుతూ ఆరేళ్లు ఆమె ఇంట్లో అద్దెకున్నాను. బెబియా అని పిలిచేవాళ్లం, అంటే అమ్మమ్మ.

బాల్కనీ మూలలో తుప్పు పట్టిన కిరోసిన్ పొయ్యి ఒకటి ఉండేది. దాని పైన గోడకు జానెడు వెడల్పున మసి. ఇంటికి రంగులు వేయించినప్పుడు కూడా ఆ మూలను ముట్టుకోనివ్వలేదు. "ఇది షెవర్డ్‌నాడ్జే కాలం" అని చూపించింది. 1990లలో కరెంటు వస్తే వచ్చినట్టు, గ్యాస్ లేదు. చలికాలమంతా ఇంటిల్లిపాదీ ఆ పొయ్యి చుట్టూనే బతికారట.

బయటివారికి తెలిసిన షెవర్డ్‌నాడ్జే వేరు. 1985 నుంచి 1990 దాకా సోవియట్ విదేశాంగ మంత్రి. జర్మనీ ఏకీకరణ ఒప్పందంపై మాస్కోలో సంతకం చేసిన మనిషి. నియంతృత్వం రాబోతోందని హెచ్చరించి పదవి వదిలేశారు. 1992లో స్వదేశానికి తిరిగొచ్చేసరికి అక్కడ అంతర్యుద్ధం. 1993 సెప్టెంబరు 27న, విడిపోవాలని పోరాడుతున్న అబ్ఖాజియా ప్రాంతపు రాజధాని సుఖుమి చేజారింది. అబ్ఖాజియా నుంచి రెండు లక్షలకు పైగా జార్జియన్లు కట్టుబట్టలతో వచ్చేశారు. తర్వాత షెవర్డ్‌నాడ్జే అధ్యక్షుడయ్యారు, అవినీతి పెరిగింది. 2003 ఎన్నికల్లో అక్రమాలు జరిగాయని జనం గులాబీలు పట్టుకుని పార్లమెంటులోకి నడిచారు. నవంబరు 23న ఆయన దిగిపోయారు. కాల్పులకు దిగకుండా వెళ్లిపోవడాన్ని నేను చిన్న విషయంగా చూడలేను.

జనం ఆయన్ను 'బాబు' అనేవారు. మన బాబు కాదు, వాళ్ల భాషలో తాత అని.

అయితే ఏటా ఏప్రిల్ 14న బెబియా వేరే కథ చెప్పేది. జార్జియా ఇంకా సోవియట్ యూనియన్‌లో ఉన్న 1978లో, అక్కడి కొత్త రాజ్యాంగ ముసాయిదా నుంచి జార్జియన్ భాషకున్న అధికార భాష హోదాను తీసేశారు. వేలాది విద్యార్థులు రుస్తావెలీ వీధిలో నిండిపోయారు, వారిలో ఆమె ఒకతె. అంతకు ఇరవై రెండేళ్ల ముందు, 1956లో, అదే ఊళ్లో సైన్యం జనంపై కాల్పులు జరిపింది. ఆ భయంతో తల్లి వెళ్లొద్దని తలుపుకు అడ్డం నిలబడిందట. 1978లో జార్జియా కమ్యూనిస్టు పార్టీ మొదటి కార్యదర్శి, అంటే అక్కడి పాలన నడిపే మనిషి, షెవర్డ్‌నాడ్జేయే. ఆయన బయటికి వచ్చి, భాష హోదా అలాగే ఉంటుందని ప్రకటించారు. వెనక వరుసల్లో ఉన్న ఆమెకు ఒక్క మాటా వినబడలేదు. ముందునుంచి నోటి మాటగా కబురు వచ్చేసరికి పక్కనున్న ముక్కూమొహం తెలియని అమ్మాయిని పట్టుకుని ఏడ్చేసిందట. తెలుగువాడిగా ఆ సంగతి నా గుండెకు తగిలింది. ఇప్పుడు ఆ రోజును అక్కడ మాతృభాషా దినంగా జరుపుకుంటారు.

నా లెక్కలో ఆయనకు దక్కాల్సిన గుర్తింపు అక్కడే ఉంది, మాస్కో సంతకాల కంటే ముందు.

2014 జులై 7న చనిపోయారు, 86 ఏళ్ల వయసులో. ఆయన ముందటి అధ్యక్షుడు గంసఖుర్దియా సమాధి టిబిలిసిలోని మ్తాత్స్‌మిందా కొండపై, జాతి ప్రముఖుల సరసన ఉంది. ఈయనను మాత్రం టిబిలిసిలోనే క్ర్త్సానిసిలో తాను నివసించిన ఇంటి ఆవరణలో భార్య నానులి పక్కన ఖననం చేశారు. బెబియా టీవీ ముందు కూర్చుని చివరిదాకా లేవలేదు. పొయ్యి ఊసు ఆ రోజు ఎత్తలేదు.