ఫుట్‌బాల్ పిచ్చే ఆ ప్రొఫెసర్‌ను మైదానం దాకా తెచ్చింది

"మా అబ్బాయి న్యూరోఇంజనీరింగ్‌లో, అంటే మెదడు, నరాల సంకేతాలను యంత్రాలతో కలిపే శాస్త్రంలో, పీహెచ్‌డీ చేస్తున్నాడు. సాయంత్రమైతే క్రికెట్టే. ఇలాంటి వ్యాపకాలుంటే పరిశోధనలో పైకి వస్తాడా?" అని మీరు అడిగారు.

తప్పకుండా వస్తాడు. ఆటపాటల మీద మమకారం లేనివాళ్లే ఎక్కడో ఆగిపోతారని నా నమ్మకం. బ్రెజిల్‌కు చెందిన మెదడు శాస్త్రవేత్త మిగేల్ నికోలెలిస్‌ను చూడండి. సావో పావ్లోలో వైద్యం చదివి, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్న కోతి మెదడు సంకేతాలతో జపాన్‌లోని క్యోటోలో ఉన్న మరమనిషిని నడిపించారు. 2008 నాటి మాట ఇది. ట్రెడ్‌మిల్ ఆపేశాక కూడా ఆ కోతి తలపుతోనే మరమనిషి కాళ్లు కదిలాయి. ఇంత పనిలోనూ పల్మైరాస్ ఫుట్‌బాల్ జట్టు మీద అభిమానం ఆయన వదులుకోలేదు.

2014 జూన్ 12 అర్ధరాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. మామిడిచెట్టు మీంచి పడి మా తమ్ముడి వెన్నుపూస దెబ్బతిని అప్పటికి మూడేళ్లు. బ్రెజిల్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ప్రారంభోత్సవంలో, నికోలెలిస్ బృందం తయారుచేసిన చట్రం తొడుక్కుని, నడుము కింద స్పర్శ లేని యువకుడొకడు బంతిని తన్నబోతున్నాడని పేపర్లో చదివి, వాడి మంచాన్ని టీవీ వైపు తిప్పాం. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి కదా, ఆ వేళ కూడా చూసుకుని మరీ కూర్చున్నాం. నాట్యాలు, పాటలు ఎంతసేపో చూపించారు. ఒక మూల లోహపు చట్రం తొడుక్కున్న ఆ యువకుడు, జూలియానో పింటో, కనిపించాడు. బంతి కొంచెం దొర్లింది. అంతలోనే కెమెరా మళ్లిపోయింది.

"అయిపోయిందా అక్కా?" అన్నాడు తమ్ముడు.

ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. తల మీది టోపీ మెదడు సంకేతాలను పట్టుకుంటే, కంప్యూటర్ వాటిని చదివి చట్రాన్ని కదిలించింది. అరికాలి దగ్గరి సెన్సర్లు నేలను తాకిన సంగతిని ముంజేతి మీద అదురుగా తెలిపాయి. ఇంతటి పనికి దక్కింది కొన్ని క్షణాలు! పైగా ఆ మైదానం పల్మైరాస్‌కు బద్ధ ప్రత్యర్థి అయిన కొరింథియన్స్‌ది. అక్కడికి వెళ్లి ఆ పని చేశారంటే నికోలెలిస్‌కు ఆట మీద ఎంత ప్రేమ ఉండాలి? ఆ ప్రేమ లేకపోతే ఇదంతా ఏ సదస్సులోనో నాలుగు బొమ్మలతో ముగిసిపోయేది.

అందరూ ఆ తన్నునే చెప్పుకుంటారు. నాకు 2016లో ఆయన బృందం ప్రకటించిన ఫలితం అంతకంటే పెద్దది. వెన్నుపూస దెబ్బతిన్న ఎనిమిది మందికి ఇలాంటి యంత్రాలతో 12 నెలలు శిక్షణ ఇస్తే, దెబ్బ తగిలిన చోటుకు దిగువన కొంత స్పర్శ, కొన్ని కండరాల మీద పట్టు తిరిగి వచ్చాయి. వాళ్లలో సగం మంది పూర్తి పక్షవాతం నుంచి పాక్షిక పక్షవాతం వర్గంలోకి మారారు. ఇక్కడ మాకు ఆస్పత్రి వరండాలో నిలబెట్టి "ఇక ఇంతే, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. మనిషిని పక్కకు ఎలా తిప్పాలో, మూత్రపు గొట్టం ఎలా శుభ్రం చేయాలో చెప్పినవాళ్లు లేరు. అమ్మా నేనూ తప్పులు చేస్తూనే నేర్చుకున్నాం.

మీ అబ్బాయిని ఆడనివ్వండి. వారానికి ఒక గంట మాత్రం వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లు ఉండే వార్డుకు వెళ్లమనండి. ముందుగా ఏది తిరిగి వస్తే బాగుంటుందని వాళ్లనే అడగమనండి. మా తమ్ముడైతే నడక అనడు, మూత్రం మీద అదుపు అంటాడు.